నాసిక్ వైనరీలు చూడబోయే ద్రాక్ష రైతులకు కొన్ని సూచనలు

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు రాసిన దుకాణంలో అన్నీ దొరుకుతాయి. వైన్ మాత్రం అడిగి వెతికించుకోవాలి. బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టుకు ఆ పేరు ఎలా వచ్చిందో గానీ, అసలు వైన్ అంటే ఏమిటో తెలియకుండానే దాని మీద మనకు గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వైన్ ద్రాక్ష మాట ఎత్తగానే కొందరు రైతులు మొహం తిప్పుకుంటారు. ఇంకొందరు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, ‘ఎకరాకు ఇన్ని లక్షలు వస్తాయట కదా సార్, మొక్కలు ఎక్కడ దొరుకుతాయి’ అని నేరుగా అడుగుతారు. ఈ రెండో రకం వారిని దృష్టిలో పెట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. మొక్కలకు డబ్బు కట్టే ముందు ఒకసారి వైనరీకి వెళ్లి, తోట నుంచి సీసా దాకా చూసి రండి. ఏం చూడాలి, ఎవరిని ఏం అడగాలి, రుచి చూసేటప్పుడు ఎలా మసలుకోవాలి అన్నవి రైతు బృందాలను వెంటబెట్టుకుని వెళ్లిన అనుభవంతో చెబుతున్నాను.

నాసిక్‌కే ఎందుకు?

త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టిన గోదావరికి నాసిక్ పట్టణం ఎగువన గంగాపూర్ ఆనకట్ట ఉంది. పుష్కరాలకో, త్ర్యంబకేశ్వరుడి దర్శనానికో వెళ్లిన మనవాళ్లు చాలామంది ఆ దారిలో తిరిగే ఉంటారు. ఆ జలాశయం చుట్టుపక్కల సూలా, యార్క్, సోమా వంటి వైనరీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. దిండోరి వైపు, ముంబై దారిలో ఇగత్‌పురి వైపు మరికొన్ని ఉన్నాయి. రెండు రోజుల్లో పెద్దవి, చిన్నవి కలిపి నాలుగైదు చూసి రావచ్చు. ఇంత సౌకర్యం దేశంలో మరోచోట లేదు.

నాసిక్ రైతులు మొదటి నుంచీ తినే ద్రాక్షకే పేరుపడ్డారు. అమెరికాలో చదువుకుని తిరిగి వచ్చిన రాజీవ్ సామంత్ 1997లో తమ కుటుంబ భూమిలో సావిన్యో బ్లాంక్, షెనిన్ బ్లాంక్ రకాలు నాటి, 2000లో సూలా పేరుతో మొదటి వైన్ బయటకు తెచ్చారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది, వించూర్‌లో వైన్ పార్కు పెట్టింది. వైన్‌ను సారాతో కలిపి చూడకుండా పండ్ల శుద్ధి కింద లెక్కగట్టడం వల్లనే అక్కడ ఇన్ని వైనరీలు నిలదొక్కుకున్నాయని నా అభిప్రాయం. ‘నాసిక్ వ్యాలీ వైన్’కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

వాతావరణం సంగతి వేరే చెప్పాలి. నాసిక్ సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రి చలి గట్టిగా ఉంటుంది. పగటి ఎండకు కాయలో చక్కెర పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. వైన్‌కు ఈ రెండూ కావాలి. రాత్రులు వెచ్చగా ఉండే చోట కాయ తియ్యనైతే అవుతుంది గానీ పులుపు చచ్చిపోతుంది, వైన్ చప్పగా వస్తుంది. మీ ఊళ్లో జనవరి, ఫిబ్రవరి నెలల రాత్రి ఉష్ణోగ్రతలు ఎంతో దగ్గరలోని వాతావరణ కేంద్రం నుంచి తీసుకుని, ఆ కాగితం వెంట పెట్టుకుని వెళ్లండి.

రాయలసీమ రైతులకు నాసిక్ దూరమైతే కర్ణాటకలో నంది కొండల కింద దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ వారి తోట ఉంది. హిందూపురం నుంచి రెండు గంటల్లోపు ప్రయాణం. 1980లలో తోట మొదలుపెట్టి 1992లో తొలి వైన్ తెచ్చిన పాత సంస్థ అది. 2007లో కర్ణాటక కూడా వైన్ విధానం తెచ్చి, వైన్ బోర్డును ఏర్పాటు చేసుకుంది. హంపి కొండల దగ్గర క్రిస్మా అనే వైనరీ పెట్టింది మన తెలుగువారే. హైదరాబాద్‌లోని గ్రాన్యూల్స్ ఇండియా కంపెనీ అధిపతి చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల తోట అది.

తోటలో ఏం చూడాలి

బృందంలో చాలామంది టేస్టింగ్ హాలు వైపు పరుగెడతారు. ముందు తోటలోకి నడవండి. మన పందిరి ద్రాక్షకు అలవాటైన కంటికి వైన్ తోట కొత్తగా ఉంటుంది. పందిరి ఉండదు. వరుసకు తీగలు కట్టి, కొమ్మలను నిటారుగా పైకి లేపి కంచెలా పెంచుతారు. కాయలన్నీ నడుము ఎత్తులో ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆకులు తీసేసి గుత్తికి గాలీ వెలుతురూ తగిలేలా చేస్తారు, అయితే సాయంత్రపు ఎండ నేరుగా కొట్టే వైపు కొంచెం ఆకు వదులుతారు. ఏ వైపు ఎంత ఆకు తీశారో తప్పక అడగండి. వరుసలు ఏ దిక్కుకు వేశారో కూడా చూసుకోండి.

గుత్తి చూస్తే మనవాళ్లు పెదవి విరుస్తారు. చిన్న గుత్తి, బఠాణీ అంత కాయ, మందపు తొక్క, లోపల గింజలు. కాయ సైజుకు మనం థామ్సన్‌లో వాడే జిబ్బరెల్లిక్ ఆమ్లం ఇక్కడ వాడరు. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ ఉంటుంది. ఎర్ర వైన్‌కు రంగు, వగరు వచ్చేది తొక్క నుంచే. కాబట్టి మనకు లోపంగా కనిపించేది వారికి కావలసిన గుణం. దిగుబడి కూడా కావాలనే తగ్గిస్తారు. థామ్సన్‌లో ఎకరాకు 8 నుంచి 10 టన్నులు తీసే రైతు ఇక్కడ 4, 5 టన్నుల దగ్గర ఆగమంటే ఒక పట్టాన ఒప్పుకోడు. అంతకు మించి కాయ వదిలితే చక్కెర రాదు, రంగు రాదు, వైనరీ వాళ్లు వెనక్కి పంపుతారు.

వేరుమూలం సంగతి వివరంగా అడగండి. మన దగ్గర ఉప్పు నేలలకు, నీటి ఎద్దడికి డాగ్‌రిడ్జ్ వేరుమూలం బాగా వాడతాం. అది జోరుగా పెరిగే రకం, పొటాష్‌ను కూడా ఎక్కువగా లాగుతుంది. పొటాష్ ఎక్కువైతే రసం పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 3.6 దాటిన రసంతో చేసిన వైన్ రంగు నిలవదు, తొందరగా పాడవుతుంది. అందుకే వైన్ రకాలకు 110ఆర్ వంటి వేరుమూలాల వైపు మొగ్గు చూపుతారు. తినే ద్రాక్షకు వేసినట్టు కోత ముందు పొటాష్ దట్టించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బూజు తెగులు, బూడిద తెగులు మనకు ఉన్నవే వారికీ ఉన్నాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. బూడిద తెగులుకు మనం కొట్టే గంధకం కోతకు దగ్గరలో కొడితే, కాయ మీద మిగిలిన గంధకం పులిసేటప్పుడు కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తుంది. ఒక రైతు చేసిన ఆ పొరపాటు ట్యాంకులోకి వెళ్లాక అందరి పంటనూ చెడగొడుతుంది. కోతకు ఎన్ని రోజుల ముందు ఏ మందు ఆపాలో వైనరీ వాళ్లు రాసిచ్చిన పట్టిక ఉంటుంది. అడిగితే చూపిస్తారు, ఫోటో తీసుకోండి.

లోపల ఏం జరుగుతుంది

కల్లు తెలిసిన రైతుకు వైన్ అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. తాటికల్లు కుండలో ఈస్ట్ తనంతట తానే చేరి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది, ఇంకా ఉంచితే గాలి తగిలి వెనిగర్ అవుతుంది. వైనరీలో జరిగేదీ ఇదే. కాకపోతే ఎంపిక చేసిన ఈస్ట్ వేస్తారు, వేడి పెరగకుండా స్టీలు ట్యాంకు చుట్టూ చల్లని ద్రవం తిప్పుతారు, గాలి తగలనివ్వరు. కల్లుకు లేని నిల్వ వైన్‌కు వచ్చేది ఈ జాగ్రత్తల వల్లే.

తెల్ల వైన్‌కు ముందే కాయను పిండి తొక్క తీసేసి, రసాన్ని మాత్రమే 15 డిగ్రీల అటూఇటుగా నెమ్మదిగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కతో సహా 25 డిగ్రీలు, ఆపైన పులియబెడతారు. నల్ల ద్రాక్ష అయినా లోపలి రసం తెల్లగానే ఉంటుందని చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు కిలో పైచిలుకు కాయ కావాలి. కాయలో చక్కెర 24 బ్రిక్స్ ఉంటే ఆల్కహాలు 13 శాతం దగ్గర వస్తుంది. రైతు తెచ్చిన కాయకు ముందుగా రిఫ్రాక్టోమీటర్ పట్టి చూసేది ఇందుకే. తెల్ల రకాలకు సుమారు 21, 22, ఎర్ర రకాలకు 23, 24 బ్రిక్స్ అడుగుతారు. చక్కెర ఒక్కటే సరిపోదు, పులుపు, పీహెచ్ కూడా కొలుస్తారు.

కోత తెల్లవారుజామున చేస్తారు. ఎండెక్కేలోపు 20 కిలోల ప్లాస్టిక్ క్రేట్లలో వైనరీ గేటు దగ్గర ఉండాలి. ఎండలో నిలిచిన బండి మీదే కాయ పులవడం మొదలవుతుంది. మన తోటకూ వైనరీకీ మధ్య దూరం ఎంత అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. నాలుగు గంటల ప్రయాణం అంటే అది వైన్ తోట కాదు, జూదం.

రుచి చూసేటప్పుడు

మహారాష్ట్రలో వైన్ 21 ఏళ్లు నిండినవారికే. తాగని వారు తాగనవసరం లేదు, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. మా బృందాల్లో సగం మంది వాసన చూసి పక్కన పెట్టినవారే. ఆత్మ పథకం కింద విజ్ఞాన యాత్రకు వెళ్తే ప్రయాణం, బస ఖర్చులు పథకం నుంచి వస్తాయి. టేస్టింగ్ రుసుము మాత్రం ఎవరిది వారే కట్టుకోవాలి. ఆ బిల్లు మా మీద వేయకండి.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె దగ్గర పట్టుకుంటే చేతి వేడి తగులుతుంది. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి. కొంచెం తిప్పి వాసన చూడండి. ఒక్క గుక్క నోట్లో పట్టి అన్ని వైపులా తిప్పి, పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మేయండి. ఉమ్మడం అక్కడ మర్యాదే. వైనరీలో పనిచేసే నిపుణులు కూడా రోజూ అదే చేస్తారు. ఐదారు రకాలు మింగుతూ పోతే నాలుగో దాని నుంచి ఏమీ తెలియదు, ఆ తర్వాత అడగవలసిన ప్రశ్నలూ గుర్తుండవు. ఇంకో మాట. నాసిక్ వెళ్లి మిసళ్ పావ్ తినకుండా ఎవరూ రారు. దాన్ని టేస్టింగ్ అయ్యాక తినండి. ఆ కారం నోటికి తగిలాక వైన్‌లోని వగరు మంటలా అనిపిస్తుంది, రుచి అందదు.

రైతుగా మీరు వెతకవలసింది తోటలోని పని గ్లాసులో ఎలా కనిపిస్తుందో. సావిన్యో బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికమ్ వాసన గాఢంగా వస్తే కాయ నీడలో ఉందనో, ముందే కోశారనో అర్థం. షెనిన్‌లో తీపి, పులుపు రెండూ కలిసి మన పుల్లటి కూరలకు దగ్గరగా ఉంటుంది. మొదటిసారి రుచి చూసేవారికి ఎక్కువగా నచ్చేది ఇదే. షిరాజ్‌లో మిరియం, నేరేడు గుర్తుకొస్తాయి. కాబెర్నె సావిన్యోలో వగరు నాలుకను పట్టేస్తుంది. ఒకసారి మా వెంట వచ్చిన ఒక మహిళా రైతు రెండు షిరాజ్‌లు పక్కపక్కన వాసన చూసి, ‘ఇది ఎక్కువ కాపు వదిలిన తోటదేమో, నీళ్లగా ఉంది’ అంది. పోసిన అబ్బాయి వెళ్లి కనుక్కొచ్చాడు. ఆమె చెప్పింది నిజమే. ఆమె జీవితంలో వైన్ తాగలేదు, ఆ రోజూ తాగలేదు.

హాలు బయట కూర్చుని మరొకటి గమనించండి. కుటుంబాలు భోజనానికి వస్తాయి, పిల్లలు తోటలో పరుగెడుతుంటారు, కోత కాలంలో డబ్బు కట్టి మరీ తొట్లలో ద్రాక్ష తొక్కుతారు. కొన్ని వైనరీలకు గదులు, హోటళ్లు కూడా ఉన్నాయి. ముంబై, పుణె నుంచి మూడు నాలుగు గంటల్లో వచ్చే జనం ఉన్నారు కాబట్టి అది సాగుతోంది. సూలా 2005లో టేస్టింగ్ హాలు తెరిచాక తక్కినవారూ ఆ దారి పట్టారు. వైన్ అమ్మకం ఎంత ముఖ్యమో మనుషులను తోటకు రప్పించడం అంత ముఖ్యమని వారికి బాగా తెలుసు. హైదరాబాద్, బెంగళూరు చుట్టూ తినే ద్రాక్ష తోటలున్న రైతులు కూడా ఈ భాగాన్ని చూసి నేర్చుకోవచ్చు. ‘మీరే కోసుకోండి’ అని ఫిబ్రవరిలో తోట తెరవడానికి వైన్ లైసెన్సు అక్కర్లేదు.

కాగితం సంగతి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన మండలంలో ఒక రైతు 3 ఎకరాల్లో వైన్ రకాలు వేశాడు. ఒక కంపెనీ మనిషి వచ్చి, పండించు, కాయ మొత్తం మేమే తీసుకుంటాం అన్నాడు. మొక్కలు వాళ్లే ఇప్పించారు. తోట చక్కగా పెరిగింది. తొలి కాపు చేతికొచ్చేసరికి 2008 చివర్లో వైన్ మార్కెట్టే కుప్పకూలింది. ప్రపంచమంతా మాంద్యం, దానికి తోడు నవంబరులో ముంబై దాడుల తర్వాత హోటళ్లు ఖాళీ అయ్యాయి. నాసిక్ ప్రాంతంలోనే ట్యాంకులు నిండిపోయి, కాయ కొనేవారు లేక రైతులు తోటలు పీకేసిన కాలం అది. మా రైతుకు కంపెనీ మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. 22 బ్రిక్స్ ఉన్న బంగారం లాంటి కాయను ట్రేలలో పెట్టుకుని పండ్ల మార్కెట్‌కు వెళ్లాడు. గింజలు, తొక్క చూసి దలారి ఒకడు నవ్వాడట. తెచ్చిన దానిలో సగం అక్కడే వదిలేసి వచ్చాడు.

ఒప్పందం ఏదయ్యా అని అడిగితే, ‘కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారని అడగలేదు సార్’ అన్నాడు. ఆ తోటకు నేను ఏడాదిలో అరడజను సార్లు వెళ్లాను. మొక్కల దూరం, డ్రిప్, తెగుళ్లు అన్నీ మాట్లాడాను. కాగితం ఉందా అని నేనూ అడగలేదు. మరుసటి ఏడాది ఆ మొదళ్ల మీదే థామ్సన్ అంటు కట్టించి తోటను నిలబెట్టాం గానీ, మధ్యలో పోయిన రెండేళ్ల పంటకు, వడ్డీకి లెక్క లేదు.

తినే ద్రాక్షకు ఒక కొనుగోలుదారు పోతే మరొకడు దొరుకుతాడు, ఎండుద్రాక్ష చేసుకోవచ్చు. వైన్ ద్రాక్షను వైనరీ తప్ప మరెవరూ కొనరు. కాబట్టి నాసిక్‌లో వైనరీ యజమానిని అడిగే ప్రశ్నలకన్నా దానికి కాయ వేసే రైతును అడిగే ప్రశ్నలకు ఎక్కువ విలువ ఉంది. వీలైతే ఆ రైతు ఇంటికి వెళ్లి, టీ తాగుతూ అడగండి. ఒప్పందం ఎన్నేళ్లకు రాసుకున్నారు? తోట 15 ఏళ్లు పైగా బతుకుతుంది, ఒప్పందం మూడేళ్లకైతే మిగతా కాలం ఎవరిది? ధర రకాన్ని బట్టా, బ్రిక్స్‌ను బట్టా? ఒక బ్రిక్స్ తగ్గితే ఎంత కోస్తారు, ఎవరి మీటరుతో కొలుస్తారు? అకాల వర్షానికి కాయ పగిలితే తీసుకుంటారా? డబ్బు కోత అయిన ఎన్ని రోజులకు వస్తుంది, నిరుడు నిజంగా ఎన్ని రోజులకు వచ్చింది? చివరి ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు ఆ రైతు మొహం చూడండి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. వైన్ ద్రాక్ష ఎకరాకు 5 టన్నులు, కిలో 50 రూపాయలైతే రెండున్నర లక్షలు. తినే ద్రాక్ష 9 టన్నులు, కిలో 30 అయితే 2 లక్షల 70 వేలు. పైకి తినే ద్రాక్షదే పైచేయి. అయితే వైన్ తోటలో కాయ పలచన, హార్మోన్ ముంచడం, ప్యాకింగ్ ఖర్చులు మిగులుతాయి. అక్కడి రైతు చెప్పిన అసలు ధరలు, అసలు కూలి రేట్లు ఈ లెక్కలో పెట్టి మీరే వేసుకోండి. వీడియోలో చెప్పిన అంకెలు పెట్టకండి.

మద్యం పంట మీద మనసు ఒప్పని వారు తిరుగు ప్రయాణంలో పుణె దగ్గర మాంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా చూసి రావాలి. రసం కోసమే అక్కడ రూపొందించిన మాంజరి మెడికా అనే నల్ల రకం ఉంది. దానికీ ముందుగా కొనేవాడిని వెతుక్కోవలసిందే. మన రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతో ప్రయాణానికి ముందే ఒకసారి మాట్లాడితే ఏ రకం గురించి ఏం అడగాలో స్పష్టత వస్తుంది.

ప్రయాణం

జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా కోతలు, పిండటం, పులియబెట్టడం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో పర్యాటకుల రద్దీలో ఎవరూ మీతో మాట్లాడలేరు. మంగళ, బుధవారాలు పెట్టుకుని, రైతు బృందం అని ముందే రాసి అనుమతి తీసుకోండి. జనవరి 26 డ్రై డే కాబట్టి ఆ తేదీ వదిలేయండి. సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్డు చేరుస్తుంది. తెల్లవారుజామున తోటలో చలి కోస్తుంది, స్వెట్టర్ మరవకండి.

సొంత రిఫ్రాక్టోమీటర్, నోట్‌బుక్, మరాఠీ లేదా హిందీ బాగా వచ్చిన ఒక మనిషి వెంట ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు సీసాలు తేవాలనుకునేవారు మన రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనలు ముందే కనుక్కోండి. పొరుగు రాష్ట్రం నుంచి పరిమితికి మించి తెస్తే కేసు అవుతుంది. అంటు కొమ్మలు మాత్రం తోటలో నుంచి అడగకుండా విరిచి సంచిలో పెట్టుకోకండి. అది దొంగతనం, దానితో పాటు తెగులు కూడా ఇంటికి వస్తుంది.